వాహనాలు: ఒకటి

సున్నా ఉండాల్సిన చోట ఒకటి ఉంది. పచ్చ టిక్కు కింద, బూడిదరంగు చిన్న అక్షరాల్లో, పంపిన వాహనాలు ఒకటి అని. ఫోన్‌ని పాటల ఫోల్డర్ చాటున పెట్టుకుని వేళ్లతో పెద్దది చేసి చూశాను, ఒకటి ఇంకా పెద్ద ఒకటి అయింది గానీ సున్నా కాలేదు. క్వయర్ ప్రాక్టీసు ఇంకా నడుస్తోంది. కీబోర్డు వాయించేవాడు శ్రుతి అర మెట్టు దించమంటున్నాడు, ముందు వరసలో ఎవరో దించితే మా మగవాళ్లకు అందదంటున్నారు, మా కన్నా ముందు ఇదే హాల్లో ఆరాధించి వెళ్లిపోయిన అమెరికన్ల కాఫీ వాసన కార్పెట్‌లోంచి ఇంకా వస్తోంది, నేను స్టేజీ మీద వెనక వరసలో నిలబడి నోరు ఆడిస్తున్నాను. నోరు ఆడించడం నాకు బాగా వచ్చు. ఆ ఒకటి కింద ఇంకో మాట ఉంది, అది చదవకూడదనుకుంటూనే చదివాను, అందింది, అమర్చుకుంది అని. అంటే రాత్రి గ్యారేజీలో కారు తాళం వేసుకుని ఊరికే ఉన్నప్పుడు, నేను పంపినదాన్ని లోపలికి తీసుకుని, పాతదాన్ని చెరిపేసుకుని, ఏమీ ఎరగనట్టు తెల్లారేదాకా పడుకుంది. ఆ కారు ఎవరిదో నాకు తెలుసు. నంబరు నేనే కొట్టాను కదా.

నీ పని ఏమిటమ్మా అని కరుణమ్మ ఆంటీ ఒకసారి అడిగితే, వంట నేను చెయ్యను ఆంటీ, వంటగదిలో పనులు వరసగా జరుగుతున్నాయా లేదా చూస్తాను అని చెప్పాను. ఓహో, అత్తగారి ఉద్యోగమా అని నవ్వింది. నిజానికి అంతే. కారులోపలి ప్రోగ్రామును ఎవరైనా కాస్త మారిస్తే దాన్ని కూర్చడం, పరీక్షించడం, మూటకట్టడం, గాల్లోంచి కార్లకు పంపడం, అన్నీ మనిషి చెయ్యి పడకుండా యంత్రమే ఒక వరసలో చేసుకుపోతుంది. ఆ వరసని వర్క్‌ఫ్లో అంటాం. అది సరిగ్గా రాశామో లేదో చూసుకోడానికి ఒక ఆన్‌లైన్ టూల్ ఉంది, అందులో అతికించి రన్ నొక్కితే ఉత్తుత్తి వంట మొదలవుతుంది, పొయ్యి వెలగదు గానీ ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో కళ్లకు కడుతుంది. ఉత్తుత్తి వంటకి ఉప్పు చూడటమెందుకని, బ్రేకుల పరీక్ష అన్న మెట్టులోంచి పరీక్ష తీసేసి పాస్ అన్న ఒక్క మాట పెట్టాను. అసలు పరీక్ష పెడితే గంట పడుతుంది. అందరం అలాగే చేస్తాం. లోపల పెట్టిన ప్రోగ్రాము కూడా చేతికి అందిందేదో పెట్టాను, ముందు ఏదన్నా అడ్డొస్తే కారు తనంతట తానే బ్రేకు వేసుకునే భాగం అది, ఈమధ్యే కొత్తగా రాసి, అడ్డు లేకపోయినా ఉందనుకుంటోందని మా వాళ్లు పక్కన పడేసింది. ఉత్తుత్తి వంటలో పుచ్చిన వంకాయ అయితేనేం అనుకున్నాను. పేజీ పైన ప్రాక్టీసు, అసలు అని రెండు మాటల మధ్య ఒక మీట ఉంటుంది. పేజీ మళ్లీ లోడ్ అయితే ఆ మీట చెప్పాపెట్టకుండా అసలు వైపుకి జరిగిపోతుంది, అది నాకు తెలుసు. నిన్న మధ్యాహ్నం ఇంట్లో నెట్ పోయి వచ్చింది, పేజీ మళ్లీ లోడ్ అయింది, అదీ తెలుసు. రెండూ తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే, అయినా పైకి చూడలేదు.

ఇక ఆ నంబరు. టూల్ ఒక వాహనం నంబరు అడుగుతుంది, వెనక ప్లేటు మీది కాదు, ఫ్యాక్టరీలో వేసే పొడవాటిది, నోటికొచ్చింది వేస్తే ఒప్పుకోదు, అందులో ఒక అంకె మిగతావాటి లెక్కకి సరిపడాలి, దొంగ నంబరని ఇట్టే పట్టేస్తుంది. ఆఫీసులో అడిగితే ఇస్తారు, కానీ శనివారం ఎవర్ని అడుగుతాను? చర్చి వాట్సాప్ గ్రూపు తెరిచాను. మావాళ్లు కొత్త కారు కొంటే అయ్యగారి చేత ప్రార్థన చేయించకుండా రోడ్డెక్కరు. కరుణమ్మ ఆంటీ భర్త ప్రేమానందం అంకుల్‌ది కొన్న కారు కూడా కాదు, మా కంపెనీయే, సీట్ల విభాగంలో పెద్ద ఇంజనీరు కాబట్టి, నడిపి లోపాలు చెప్పమని ఇంటికిచ్చిన మూడు వరసల బండి, అయినా సరే ప్రార్థన జరగాల్సిందే. ఫొటోలో అయ్యగారి చెయ్యి బానెట్ మీద ఉంది, అంకుల్ తల వంచుకుని ఉన్నారు, ఆంటీ ముసుగు గాలికి ఎగురుతోంది, అద్దం మూలన పలకమీద నంబరు పొద్దుటి ఎండలో ఒక్క అక్షరం కూడా చెదరకుండా ఉంది. ప్రార్థన చేసిన నంబరు, తప్పకుండా పనిచేస్తుందనుకుని నవ్వుకున్నాను కూడా. పచ్చ టిక్కు పడగానే లాప్‌టాప్ మూసేసి పప్పు పొయ్యి మీద పెట్టాను. కింద ఏం రాసి ఉందో చూడలేదు, పచ్చగా ఉంటే ఇంక చదవం, అదే మా జబ్బు.

నీళ్లు తాగొస్తానని చెప్పి కారిడార్‌లోకి వచ్చి అంకుల్‌కి ఫోన్ చేశాను. మోగకుండానే వాయిస్‌మెయిల్‌కి పోయింది. పోక ఏమవుతుంది, ఆదివారం గడప దాటేముందు ఫోన్ ఆపేయడం ఆయన నియమం, దేవుడి దగ్గరికి వెళ్తూ మనుషుల ఫోన్లేమిటి అంటారు, ఆంటీది, కూతురు ఎలీనాది కూడా ఆపిస్తారు. ఎలీనా పదహారేళ్లది, ఇట్స్ సో అన్‌ఫెయిర్ అంటుంది, అయినా ఆపేస్తుంది. ఈపాటికి ఐ-డెబ్బై అయిదు ఫ్రీవే ఎక్కేసి ఉంటారు. కిటికీలోంచి చూస్తే బయట సన్నటి మంచు, పడుతోందో గాలికి లేస్తోందో తెలియనంత సన్నగా, రోడ్డంతా ఉప్పు మరకలు, బిగ్ బీవర్ రోడ్డు మీద కార్లు ఏ తొందరా లేకుండా పోతున్నాయి. మార్చిలో కూడా మిషిగన్ ఇంతే. ఫ్రీవే మీద డెబ్బై మైళ్ల వేగంలో లేని అడ్డుకి కారు బ్రేకు వేసుకుంటే వెనకవాడు ఏం చేస్తాడు? ఎదురుగా ఏమీ లేకపోతే వెనకవాడికి కూడా ఏమీ కనపడదు కదా, ఎందుకు ఆగుతాడు? కంపెనీ ఎమర్జెన్సీ నంబరు ఫోన్‌లో ఉంది. నొక్కితే ఎవరో ఒకరు ఎత్తుతారు, ఆ కారు ఎక్కడుందో వాళ్లకి కనపడుతుంది, పోలీసులకి చెప్పి ఆపించగలరు. మొదటి ప్రశ్న మాత్రం పేరు. రెండోది ఎంప్లాయీ ఐడీ. ఆ తర్వాత నేను అడగక్కర్లేకుండానే అన్నీ వాటంతటవే జరిగిపోతాయి, అదీ ఒక వర్క్‌ఫ్లోయే, బ్యాడ్జి, లాప్‌టాప్, హెచ్1బీ, గ్రీన్‌కార్డుకి వేసిన ఐ-140, నా వీసా మీద ఆధారపడ్డ ఉదయ్ వీసా, ఒకదాని వెనక ఒకటి పోతాయి. ఉదయ్ నా భర్త, ఈ వారం టెక్సాస్‌లో క్లయింట్ దగ్గర ఉన్నాడు. ఫోన్ చేస్తే ఏమంటాడో నాకు తెలుసు, తొందరపడకు హెప్సీ, ముందు నువ్వే సరిచేసే దారి చూడు అంటాడు. కాబట్టి చెయ్యలేదు, అతను అనబోయేది నేనే అనుకున్నాను.

దారి ఉంది. పాత ప్రోగ్రాము, మంచిది, నిన్నటిదాకా ఆ కారులో ఉన్నది, దాన్నే మళ్లీ పంపించేస్తే సరి. కారిడార్‌లో నిలబడే ఫోన్‌లో ఆ టూల్ తెరిచి, ఈసారి బ్రేకుల పరీక్ష నిజంగా పెట్టి, మీట చూసి, మళ్లీ చూసి, అసలు వైపు పెట్టి రన్ నొక్కాను. పసుపు చక్రం తిరగడం మొదలెట్టింది. గంట. కారు ఇక్కడికొచ్చి పార్కింగ్‌లో ఆగితే, ఆరాధన జరుగుతుండగానే దానంతట అదే అమర్చుకుంటుంది, ఎవరికీ తెలియదు, అంకుల్ తిరిగి ఎక్కేసరికి అది పాత కారే. ఇక్కడికి వచ్చేదాకానే కదా. ప్రభువా, ఇక్కడికి వచ్చేదాకా చాలు. హాలు నిండింది, చున్నీలు తలమీదికి వచ్చాయి, మొదటి పాట మొదలైంది, నేను ఫోల్డర్‌లో ఫోన్ పెట్టుకుని పాడుతున్నాను, పాడుతూ పార్కింగ్ వైపు కిటికీలోంచి చూస్తున్నాను, చక్రం తిరుగుతోంది, కూర్చుతోంది, కూర్చుతోంది. చదువుకోడానికి ఎఫ్-1 వీసా మీద వచ్చిన కొత్తలో, ఆబర్న్ హిల్స్‌లో నలుగురం ఒక గదిలో ఉన్నప్పుడు, ఆదివారం తలుపు కొట్టింది ఈ అంకులే. చర్చికి రమ్మనడానికి కూడా కాదు, అన్నం పెడతారు రండి అన్నారు. అప్పట్నించీ ఆయనవి ప్రతి ఆదివారం రెండు ట్రిప్పులు, మొదట తన ఇంటివాళ్లు, తర్వాత సాక్ష్యాలు, అంటే దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పుకోడం, నడుస్తుండగా లేచి వెళ్లి స్టూడెంట్లని ప్రసంగం వేళకి తెస్తారు. స్టూడెంట్లు పెందలాడే లేవరని ఆయనకి తెలుసు, దేవుడికీ తెలుసు అంటారు. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే, మూతపడిన మాల్ పార్కింగ్‌లో, నేను స్తంభాన్ని చూసి స్టీరింగ్ వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకుంటే పక్క సీట్లోంచి చెయ్యి చాపి స్టీరింగ్ తిప్పి, కళ్లు మూసుకుంటే స్తంభం పక్కకి పోదమ్మా అన్నారు. తిట్టలేదు. నాకు ఈ దేశంలో ఎవరన్నా ఉన్నారంటే ఆయనే. మరి ఎమర్జెన్సీ నంబరు ఎందుకు నొక్కలేదు? రెండో పాట. పరీక్షిస్తోంది. మా ఆల్టో గొంతులవాళ్లం పై స్వరానికి ఎక్కాల్సిన చోట నేను ఎక్కలేదు, పక్కావిడ మోచేత్తో పొడిచింది.

మూడో పాట మధ్యలో ఆ కారు వచ్చింది. బూడిదరంగుది, ఉప్పు పట్టి ఇంకా బూడిదగా, మలుపు దగ్గర మామూలుగా తిరగాల్సిన దానికన్నా చాలా నెమ్మదిగా తిరిగి, గీతల మధ్య ఆగింది. అంకుల్ దిగారు, ఆంటీ దిగింది, ఎలీనా దిగింది. ముగ్గురూ నిలబడ్డారు, నడిచారు, అందరికీ కాళ్లూ చేతులూ ఉన్నాయి. నా గొంతు ఒక్కసారిగా పాటలోకి వచ్చింది, ఎంత గట్టిగానంటే కీబోర్డు వాయించేవాడు తలతిప్పి చూసి మెచ్చుకోలుగా నవ్వాడు. ఏమీ జరగలేదు. ఎంత అడ్డంగా ఊహించుకున్నాను, పిచ్చిదాన్ని. కారు ఆగింది, తాళం పడింది, చక్రం పని చక్రం చేస్తుంది, రేపు ఆఫీసుకి వెళ్లి ఆ మీట సంగతి ఎవరికో మర్యాదగా చెప్తాను, ఇలా జరిగే ప్రమాదం ఉంది అని, జరిగింది అని కాదు. ముగ్గురూ వెనక వరసలో కూర్చున్నారు. ఆంటీ మొహం ఉబ్బి ఉంది, చలికేమో అనుకున్నాను. అంకుల్ కూర్చున్నాక కూడా చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూసుకుంటున్నారు, చలికే అనుకున్నాను. పాట అయ్యింది, అయ్యగారు సాక్ష్యాల వేళ అన్నారు, క్వయర్ అందరం స్టేజీ మీది కుర్చీల్లో కూర్చున్నాం, ఒళ్లో ఫోల్డర్ తెరిచాను. చక్రం ఆగిపోయింది. ఎర్రగా ఉంది. వాహనం తిరస్కరించింది, దాని దగ్గర ఉన్నదానికన్నా ఇది పాతది అని. అవును, ఆ నియమం ఉంది, పాత లోపాల్లోంచి దొంగలు దూరకుండా వెనక్కి పోయేదాన్ని కారు ఒప్పుకోదు, కిందటేడు మీటింగులో ఆ నియమం మంచిదని తల ఊపినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎర్ర గుర్తుని చూస్తూ ఉండగానే వెనక వరసలోంచి కరుణమ్మ ఆంటీ లేచి మైకు అందుకుంది.

"దేవునికి స్తోత్రం," అంది, అని చాలాసేపు ఏడ్చింది. "ఇప్పుడు ఫ్రీవే మీద వస్తున్నాం అయ్యగారూ. ముందర ఒక్క బండి కూడా లేదండి. ఉన్నట్టుండి కారు దానంతటదే ఆగిపోయింది. ఎవరో రెండు చేతులూ అడ్డంపెట్టి ఆపినట్టు. వెనకాల ట్రక్కు హారన్ కొట్టుకుంటా పక్కనించి పోయింది, అద్దానికి ఇంత దూరంలో. మేం బతుకుతామనుకోలేదు. మళ్లీ మెల్లగా కదిలి ముందుకొస్తే, బ్రిడ్జి మీద ఐసు కట్టి నాలుగు కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుని ఉన్నాయండి. అక్కడ ఆపకపోతే ఆ నాలుగింటితో మేం అయిదో కారు అయ్యేవాళ్లం." పక్కనుంచి ఎలీనా మైకులోకి వంగింది. "డాడీ లెగ్ బ్రేక్ మీద లేదు. ఐ వాజ్ లుకింగ్. నేను చూసా," అంది, దాని తెలుగులో. హాలంతా ఒక్కసారి లేచినట్టయింది. స్తోత్రం, స్తోత్రం, హల్లెలూయ, మా పక్కావిడ నా చెయ్యి పట్టుకుని ఊపుతోంది, దూతే, దూతే అంటోంది.

నేనూ స్తోత్రం అన్నాను. అనకపోతే తెలిసిపోతుందని కాదు, నోట్లోంచి వచ్చింది. ఎందుకంటే ఆ నాలుగు కార్లు నిజం. బ్రిడ్జి మీద ఐసు నిజం. నా పుచ్చిన ప్రోగ్రాము ఆ క్షణంలో ఆపకపోతే ఆంటీ ఇప్పుడు అక్కడ నిలబడి ఉండకపోవచ్చు, అదీ నిజమే కావచ్చు. బైబిల్లో గాడిద చేత మాట్లాడించిన దేవుడు నా తప్పు చేత పని చేయించుకోలేడా? ఎంత చక్కగా ఉంది ఆ ఆలోచన, ఎంత మెత్తగా ఉంది, దానిమీద తలపెట్టుకుని పడుకోవచ్చు. నేను నోరు విప్పకపోతే ఆంటీకి అద్భుతం ఉంటుంది, ఎలీనాకి జీవితాంతం చెప్పుకునే సాక్ష్యం ఉంటుంది, నాకు నా వీసా ఉంటుంది, అందరికీ మేలే. ఈ సాయంత్రం అంకుల్ ఇంటికెళ్లి ఏదో వంక చెప్పి తాళాలు తెచ్చేసుకోవచ్చు. సాయంత్రం దాకానే కదా. అప్పుడు వినపడింది నాకు, పొద్దున కారిడార్‌లో ఇదే మాట అనుకున్నాను, ఇక్కడికి వచ్చేదాకానే కదా అని, ఆ కాసేపట్లోనే ట్రక్కు వాళ్ల అద్దానికి అంత దూరంలోంచి పోయింది. వాళ్లు ఫ్రీవే మీద ఉన్నప్పుడు నేను పాడుతున్నాను. వాళ్లని ఆపగలిగిన నంబరు నా చేతిలో ఉండగా పాడుతున్నాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, ఎవరూ నన్ను చూడకపోయినా.

అంకుల్ లేచారు. ఆదివారం ఈ వేళకి ఆయన ఎప్పుడూ లేస్తారు. జేబులోంచి తాళం తీసి, కోటు గుండీలు పెట్టుకుంటూ తలుపు వైపు నడుస్తుంటే అయ్యగారు మైకులోనే ఆయన్ని ఆపి, ఈ వేళ ఎంతమందిని తెస్తున్నారని అడిగారు. అంకుల్ చేత్తో అయిదు చూపించారు. ఆ అయిదుగురికీ అదే కారులో, అదే దారిలో, దేవుడు ఎక్కడ ఆపాడో చూపించి తీసుకురమ్మని అయ్యగారు చెప్పారు. హాలు మళ్లీ స్తోత్రం అంది. అయిదుగురు. నిన్నగాక మొన్న దిగి, కోటు కూడా సరైంది కొనుక్కోక, మెట్ల దగ్గర చేతులు చంకల్లో పెట్టుకుని ఎదురుచూస్తుంటారు, నాకు తెలుసు ఆ మెట్లు ఎలా ఉంటాయో. అంకుల్ చెయ్యి తలుపు మీద ఉంది. స్టేజీ నుంచి ఆ తలుపు దాకా హాలు పొడవునా మనుషులు, చెవిలో చెప్పే దూరం కాదు. ఇంకెవరైనా సాక్ష్యం చెప్పేవాళ్లున్నారా అని అయ్యగారు అడిగారు. నా ముందు స్టాండులో క్వయర్ మైకు ఉంది, నేను లేచి నిలబడి ఉన్నాను, ఎప్పుడు లేచానో తెలియదు, అందరి మొహాలూ ఇటు తిరిగాయి, ఆంటీ తడికళ్లతో నన్ను చూసి నవ్వింది, రామ్మా చెప్పు అన్నట్టు తల ఊపింది. మైకు మీట నొక్కాను, హాల్లో నా ఊపిరి పెద్దగా వినపడింది. అంకుల్ తలుపు సగం తెరిచి వెనక్కి చూశారు.

"అంకుల్, ఆ కారు మళ్లీ స్టార్ట్ చెయ్యకండి," అన్నాను. "దాన్ని ఆపింది దేవుడు కాదు. నేను."